ఆంగ్లమున ఇంటిపని: పల్నాటి ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును విజ్ఞప్తి



మన పల్నాటి బడులలో ఆంగ్లమునకై బాలబాలికలచే ఇంటికడ చేయించుచున్న పనిలో అధికభాగము చేతికి శ్రమయే కాని భాషకు అభ్యాసము కాదని మేము దృఢముగా విశ్వసించుచున్నాము. పాఠము చివరి ప్రశ్నలకు గైడులోని జవాబులను నోట్సులోనికి ఎక్కించుట, కఠినపదములను పదేసిమార్లు వ్రాయుట, ఖాళీలను పూరించుట, ఈ మూటితోనే సాయంకాలము గడచిపోవుచున్నది. అట్లు నోట్సులు నింపిన ఏడవతరగతి బాలిక, తాను వ్రాసిన వాక్యమునే పైకి చదువుమన్నచో తడబడును. పుస్తకము మూసి ఆ భావమునే తన మాటలలో చెప్పుమన్నచో తల వంచుకొనును. ఈ లోపము బాలికది కాదు, ఆమెకిచ్చిన పనిది. కావున ఆ పనిని మార్చుడని కోరుచున్నాము.

2020–21 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలల పుస్తకములలో ఒక పుట ఆంగ్లమును, ఎదుటి పుట తెలుగును ముద్రించుట గొప్ప సదుపాయమే. అయినను పుస్తకము మారినంతగా ఇంటిపని మారలేదు. తల్లి మిరపకోతకో పత్తితీతకో పోయి దీపాలవేళకు తిరిగివచ్చు ఇండ్లలో, తండ్రి పిడుగురాళ్ళ సున్నపుబట్టీలలో పనిచేయు ఇండ్లలో, ఆంగ్లమున సందేహము తీర్చగలవారు లేరని యెరిగియు, పరసాయము లేనిదే సాగని పనిని అప్పగించినచో, ట్యూషను పెట్టుకొనగల పిల్లవాడు గట్టెక్కును, తక్కినవాడు గైడును ఆశ్రయించును. బడిలో ఒకే బల్లపై కూర్చుండిన పిల్లలను ఇంటిపని విడదీయరాదు.

తెలుగువాక్యమున క్రియ చివర నిలుచును. ఆంగ్లమున కర్తవెంటనే వచ్చును. ప్రశ్నించునప్పుడు సహాయక్రియ కర్తకు ముందు నడచును. ఈ సూత్రమును వల్లించి ఖాళీలు తప్పులేకుండ నింపిన విద్యార్థియే ఎదుటివానిని పలుకరింపబోయి ‘వాట్ యు ఆర్ డూయింగ్?’ అనుట మనము నిత్యము వినుచున్నదే. సూత్రము తెలియుట వేరు, నోట పలుకుట వేరు. రెండవది తన భావమును తానే వాక్యముగా కూర్చుకొను అభ్యాసమువలననే లభించును. నేర్చినది తొలి దినములలోనే వేగముగా మరపునబడుననియు, వ్యవధానమిచ్చి పునశ్చరణ చేసినచో నిలుచుననియు జర్మను శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తనపై తానే జరుపుకొన్న పరీక్షలవలన కనుగొని 1885లో ప్రకటించెను. కావున ఒకే రాత్రి పదిమార్లు వ్రాసిన పదముకన్న, నేడును, ఎల్లుండియు, వచ్చువారమును పుస్తకము చూడక తలచుకొని వాడిన పదమే మేలు.

ఇట్టి అభ్యాసమునకు పల్నాటి జీవితమే చాలినంత సామగ్రి నిచ్చును. మాఘఫాల్గుణములలో కల్లమునందు ఎండిన మిరపకాయలనుండి తల్లి తాలుకాయలను ఏరుచుండగా, పిల్ల ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు కల్పించుకొని జవాబులు పలుకవచ్చును: ‘వాట్ ఈజ్ మై మదర్ డూయింగ్? షి ఈజ్ సార్టింగ్ చిల్లీస్.’ మరునాడు అదే పనిని గతకాలమున చెప్పవలెను: ‘షి సార్టెడ్ చిల్లీస్ యెస్టర్‌డే.’ మూడవనాడు ఐదు వాక్యములుగా వ్రాసి బడికి తేవలెను. తాలుకాయకు ఆంగ్లపదము తెలియనిచో ‘బ్యాడ్ వన్స్’ అని సరిపెట్టుకొనుటయు భాషాభ్యాసమే. ఇందు గైడు పనికిరాదు. తల్లికి ఆంగ్లము రానవసరము లేదు, బిడ్డ చెప్పుచుండగా ఆమె విన్న చాలును.

మా ప్రతిపాదనలు ఇవి:

1. రెండవతరగతివరకు ఇంటిపని వలదనియు, మూడవతరగతినుండి వారమునకు 2 గంటలు, ప్రాథమికోన్నతదశలో దినమునకు 1 గంట, ఉన్నతపాఠశాలలో 2 గంటలు చాలుననియు 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము సూచించినది. తక్కిన విషయములకును చోటు వలయును గనుక ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో ఆంగ్లపు పని దినమునకు పావుగంట మించరాదు.

2. ప్రతి పనిలోను పైకి పలుకు భాగమొకటియు, స్వంతవాక్యములు వ్రాయు భాగమొకటియు ఉండవలెను.

3. తొలి వాక్యమును గంట కొట్టకముందే తరగతిలో అందరిచేత చేయింపవలెను. ఏమి చేయవలెనో తెలియక ఏ బిడ్డయు ఇల్లు చేరరాదు.

4. నలువది నోట్సులలోని ప్రతి తప్పును దిద్దుట ఉపాధ్యాయునికి దుస్సాధ్యము, ఎర్రసిరా నిండిన పుట విద్యార్థికి నిరుత్సాహకరము. కావున ఒక మారు ఒకే దోషమును దిద్దవలెను. మరునాటి తొలి ఐదు నిమిషములలో ఇద్దరిద్దరుగా పిల్లలు తమ వాక్యములను పరస్పరము వినిపించుకొనవలెను.

5. అల్లరికి శిక్షగా ఆంగ్లమును వ్రాయింపరాదు. శిక్షగా చవిచూచిన భాషను ఎవ్వడును ప్రేమింపజాలడు.

ఇట్లు చేసినచో పదవతరగతి పబ్లిక్ పరీక్షలో మార్కులు తగ్గునేమోయని కొందరు శంకింపవచ్చును. ఆ ప్రశ్నపత్రమునందును మున్ను చదువని భాగమును గ్రహించి జవాబిచ్చుటయు, ఉత్తరమో సంభాషణమో స్వయముగా వ్రాయుటయు ఉన్నవి. కంఠస్థమునే నమ్ముకొన్న విద్యార్థి తొట్రుపడునది అచ్చటనే.

జూనులో బడులు తెరచిన తోడనే తల్లిదండ్రుల కమిటీ సమావేశములో ఈ ఐదంశములను చర్చకు పెట్టుడు. ఒక్క తరగతిలోనైన ఒక్క త్రైమాసికము ఆచరించి, ఆరంభమున పిల్లలు పలికిన వాక్యములను చివర పలికినవానితో పోల్చి చూడుడు. తల్లులారా, తండ్రులారా! ఎన్ని పుటలు వ్రాసితివని బిడ్డను అడుగుట మాని, నేడు నేర్చినది వినిపింపుమని ప్రతి సాయంకాలము అడుగుడు.