మెట్టు ఒకటే, బలం వేరు

పేకంటే రమ్మీ అనుకునేరు! మావాడాడేది 1993లో అమెరికాలో పుట్టిన 'మేజిక్: ది గేదరింగ్'. అందులో కమాండరనే పద్ధతిలో ఎవరి నూరు ముక్కల కట్ట వారే కూర్చుకోవాలి. సాధారణంగా నలుగురాడే సరదా ఆట. బలాబలాలు కుదరాలని కంపెనీవారు 2025 ఫిబ్రవరిలో అయిదు మెట్లు ప్రకటించారు. 'గేమ్ ఛేంజర్లు' అనే గట్టి ముక్కలు మొదటి రెండు మెట్లలో కూడవు. మూడోదానిలో మూడుకు మించరాదు.

మొన్న ఆదివారం మావాడు అలాంటి ముక్క ఒక్కటీ లేకుండా, ఏరి కూర్చిన కట్ట దించి, "రెండో మెట్టే" అన్నాడు. పక్కింటి కుర్రాడిది కొట్లో కొన్న కట్ట. మూడాటలూ ముందుగా ఓడి, నాలుగోదానికి ఉండకుండా లేచిపోయాడు.

"రూలు తప్పలేదు గదా, నాన్నా!"

తప్పలేదు. మా ఆఫీసులోనూ అంతే: గ్రేడు ఒకటైనంతమాత్రాన పనితనం ఒకటవుతుందా? ముక్కలు లెక్కకొస్తాయి, అవి ఒకదానికొకటి తోడైతే వచ్చే బలం లెక్కకు రాదు. అందుకే ఆటకు ముందు మాట్లాడుకోమని కంపెనీవారే చెప్పారు. మనవాళ్ళు మెట్టు అంకె చెప్పి, మాట మానేస్తున్నారు.

సాయంత్రం మావాడు పక్కింటికి వెళ్ళి, "ఈసారి నా కట్టతో నువ్వాడు, నీదానితో నేనాడతా" అన్నాడట. ఓడి, నవ్వుతూ వచ్చాడు.