ముల్లు మార్చను

పాత వాచీలు సేకరించేవాళ్ళకి ఒక మంత్రం ఉంది: ‘ఆల్ ఒరిజినల్’. డయల్, ముళ్ళు, కీ, కేసు, లోపలి మిషన్ అన్నీ ఫ్యాక్టరీలో పెట్టినవే అయితే వాచీకి విలువ. ఒక్క ముల్లు వేరేదైనా అది ‘ఫ్రాంకెన్’, అతుకుల బొంత. ఈ మంత్రం మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. అదేంటో చెప్పాలంటే ముందు వ్యవహారం చెప్పాలి.

నా దగ్గరున్నది కీ ఇచ్చి తిప్పే హెచ్.ఎం.టి. జనతా. పెళ్ళిలో మా నాన్నకి మామగారు పెట్టింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు మీద పడ్డప్పుడు బీరువాతో పాటు ఇదీ మునిగింది. బురద కడిగి చూస్తే డయల్ మీద మరక, ముళ్ళకి తుప్పు. రిపేరు చేసే పెద్దాయన మిషన్ విప్పి శుభ్రం చేసి, ఇంకేదో వాచీ ముళ్ళు వేసి, కీ మార్చి ఇచ్చాడు. ‘ఈ వరదలో కంపెనీ ముళ్ళు యాడ తెచ్చేది సార్? సైజు జూసి యేసినా. టైము మాత్రం తప్పదు’ అన్నాడట. తప్పలేదు. నిమిషాల ముల్లు మాత్రం పొట్టిది, అంచున ఉన్న గీతల దాకా చేరదు.

ఇప్పుడు వాచీని సర్వీసింగ్‌కి ఇవ్వాలి. బెంగళూరులో ఉన్న మిత్రుడొకడు పన్లోపనిగా ఒరిజినల్ ముళ్ళు, కీ వేయించెయ్యమంటాడు. సెట్టు కూడా తనే ఇస్తాడట.

ఎక్కడి నుంచి వచ్చింది ఆ సెట్టు? సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. వాచీల తయారీలో ఆ పాత కథ ముగిసింది. హెచ్.ఎం.టి. వాచెస్ కంపెనీ మూసివేతకి కేంద్ర క్యాబినెట్ 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. పాత స్టాకు అక్కడక్కడా మిగిలి ఉండొచ్చు, కానీ ఆ కాలపు ముల్లు మళ్ళీ పుట్టదు. కాబట్టి చాలాసార్లు ‘ఒరిజినల్ ముల్లు’ అంటే ఇంకో వాచీని విప్పి పీకిన ముల్లు. మా నాన్న వాచీని శుద్ధి చెయ్యడానికి ఇంకెవరి నాన్న వాచీనో చంపాలి. అలా వచ్చిన ముల్లు ఫ్యాక్టరీకి ఒరిజినల్ కావచ్చు. నా వాచీకి అదీ పరాయిదే కదా!

ఇంకో సంగతి. లోపల స్ప్రింగు మారిస్తే ఎవరూ అడగరు. నీళ్ళు పోకుండా ఆపే రబ్బరు మారిస్తే అడగరు. గీతలు పడ్డ అద్దం మారిస్తే మెచ్చుకుంటారు కూడా. గొడవంతా డయల్, ముళ్ళు, కీ దగ్గరే. అంటే ఫొటోలో పడేవాటి దగ్గర. ఇది చరిత్ర మీద ప్రేమ అని నన్ను నమ్మమనకండి.

సాహిత్యంలో ఈ జబ్బు మనకి కొత్త కాదు. తర్వాతివాళ్ళు చేర్చిన పద్యాన్ని ప్రక్షిప్తం అంటాం. ఈ విషయంలో వేమనంత చిక్కు ఇంకెవరితోనూ లేదు. ఆయన చేత్తో రాసిన ప్రతి లేదు. మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా ఆయనదైపోయింది, డయల్ మీద పేరు అచ్చేసినట్టు. 1820లో ఉద్యోగం మీద కడపకి వచ్చిన సి.పి. బ్రౌన్ ఆ తర్వాత ఊరూరి తాళపత్రాలు తెప్పించి, పండితులకి జీతాలిచ్చి, ప్రతికి ప్రతి పోల్పించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేశాడు. ఆయన ఏరివేతతో, దిద్దుబాట్లతో తగువు పడొచ్చు, పడాలి కూడా. కానీ ఆ తగువు పడగలుగుతున్నామంటే కారణం రాతప్రతులు మిగలడమే. తనకి నచ్చిన పాఠం ఒక్కటే ఉంచి మిగతావి తగలబెట్టి ఉంటే ‘శుద్ధ’ వేమన దొరికేవాడు, ప్రశ్న అడిగే దారి మూసుకుపోయేది. ఆయన బంగళా ఉన్న చోట, కడప ఎర్రముక్కపల్లెలో, ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది. ఒరిజినల్ భక్తులు ఒకసారి వెళ్ళి రావాలి.

అలాగైతే ఏ ముక్క పెట్టినా సరేనా? కాదు. డయల్‌కి కొత్తగా రంగేసి, పేరు అచ్చేసి, ‘ఎవరూ చెయ్యి పెట్టని వాచీ’ అని అమ్మేది మోసమే. అక్కడ తప్పు రంగుది కాదు, దాచడానిది. ముల్లు డయల్‌కి రాసుకుని వాచీ ఆగిపోతుంటే మార్చాల్సిందే, అది వైద్యం. నడుస్తున్న ముల్లుని పీకి, వరద రానట్టు, ఆ పెద్దాయన చెయ్యి పడనట్టు చెయ్యడం మాత్రం గిట్‌లో హిస్టరీ చెరిపేసి ఫోర్స్ పుష్ కొట్టడమే. మా ఆఫీసులో అలా చేస్తే తిడతారు. వాచీల లోకంలో రేటు పెంచుతారు.

‘ఇది వట్టి సెంటిమెంటు’ అంటాడు మిత్రుడు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు దగ్గరే వాచీ కాలం ఆగిపోవాలనుకోవడం ఇంకా పెద్ద సెంటిమెంటు. నాది కనీసం టైము చూపిస్తుంది.

కాబట్టి సర్వీసింగ్ చేయిస్తాను, నూనె వేయిస్తాను, అవసరమైతే స్ప్రింగు మార్పిస్తాను. ముళ్ళు, కీ, మరక అలాగే ఉంటాయి. డబ్బాలో ఒక కాగితం పెడతాను: డయల్, మిషన్ కంపెనీవి, ముళ్ళు, కీ 2009 వరద తర్వాత కర్నూల్లో వేసినవి. రేపు దీన్ని ఎవరు పెట్టుకున్నా మార్చుకునే హక్కు వాళ్ళకుంటుంది. ఏం మారుస్తున్నారో తెలిసి మారుస్తారు.