దిగి ఎక్కే వీలున్న ఒక రోజు పాస్ కావాలి



ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో తిరిగే ఆర్టీసీ బస్సుల్లో రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగేందుకు ఒక పాస్ కావాలని, అది 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లోనూ చెల్లాలని, డోర్నకల్–మణుగూరు మార్గంలోని రైళ్లకూ వర్తించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మాది పాల్వంచ. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మా వీధి ఆడవాళ్ల ప్రయాణాల తీరే మారిపోయింది. ఇదివరకు భద్రాచలం వెళితే స్వామి దర్శనం చేసుకుని, వెళ్లిన దారినే తిన్నగా ఇల్లు చేరేవాళ్లు. ఇప్పుడు దర్శనం అయ్యాక పర్ణశాల వెళ్తున్నారు. వచ్చేటప్పుడు సారపాకలో దిగి చుట్టాలను పలకరిస్తున్నారు. దారి అదే, ఊళ్లూ అవే. దిగితే మళ్లీ టికెట్ కొనాలన్న బెంగ పోయిందంతే. ఆ బెంగ ఎంత పెద్దదో అది పోయాకే నాకు తెలిసింది. దారిలో రెండుచోట్ల దిగామంటే మూడు టికెట్లు కొనాలి, దిగిన ప్రతిచోటా కనీస చార్జీ మళ్లీ మొదలవుతుంది. అందుకే మన దగ్గర సామాన్యుడు బస్సెక్కితే ఎక్కిన ఊరు, దిగే ఊరు తప్ప మధ్యలో ఇంకేదీ చూడడు.

ఆ పథకం కింద ఇచ్చే జీరో టికెట్‌తో ఆడవాళ్లకు దొరికిన ఈ వీలు మా ఇంట్లో మగవాళ్లకు లేదు. మా వారు, మా పిల్లవాడు వెంట వస్తే మళ్లీ లెక్కలు మొదలవుతాయి. ‘కిన్నెరసాని ఇంకోసారి చూద్దాంలే’ అంటారు. ఆ ఇంకోసారి రాదు. వాళ్లకూ ఉచితం చేయమని నేను అడగడం లేదు. పొద్దున ఒక్కసారి డబ్బు కట్టి, రాత్రి వరకు దాని ఊసెత్తకుండా తిరిగే వీలు కల్పించమంటున్నాను.

ఈ ఆలోచన ఆర్టీసీకి కొత్తది కాదు. హైదరాబాద్‌లో 24 గంటలు చెల్లే టీ-24 టికెట్ చాలామందికి తెలుసు. 2023లో జిల్లాల పల్లెవెలుగు బస్సులకూ టీ9 పేరుతో టికెట్లు తెచ్చారు. మహిళలకు, 60 ఏళ్లు దాటినవారికి 100 రూపాయలకు 60 కిలోమీటర్ల పరిధిలో వెళ్లి రావచ్చన్నారు. ఉదయం 9 తర్వాతే చెల్లేలా పెట్టడంలోనూ మంచి ఆలోచన ఉంది. బడులకు, ఆఫీసులకు వెళ్లే రద్దీ తగ్గాక మధ్యాహ్నం ఖాళీ సీట్లతో తిరిగే బస్సులు నిండుతాయి. కానీ అది ఒక ఊరు వెళ్లి తిరిగి రావడానికి పనికొచ్చే టికెట్, పైగా పల్లెవెలుగుకే పరిమితం. ఖమ్మం నుంచి భద్రాచలం వంద కిలోమీటర్లు దాటుతుంది. మన ఏజెన్సీ దూరాలకు ఆ గీత చాలదు.

మా చెల్లెలి కొడుకు చదువు కోసం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటున్నాడు. అక్కడ టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లను ఏ ప్రాంతానికి ఆ ప్రాంత పాలకమండలే చూసుకుంటుంది, పాస్‌లూ వాళ్లే పెడతారు. అతను ఉండే అల్సాస్‌లో ఒక రోజు పాస్ కొంటే రైలు, ట్రాము, బస్సు మూడూ ఎక్కవచ్చు. శని, ఆదివారాల్లో ఐదుగురి వరకు ఒకే పాస్ మీద తిరుగుతారు. స్ట్రాస్‌బర్గ్‌లో రైలెక్కి సెలెస్టాలో దిగి, మళ్లీ ఎక్కి కొల్మార్‌లో దిగి, ఓపికుంటే మ్యులూజ్ దాకా వెళ్లి చీకటి పడేలోగా గదికి చేరతాడట. చేతిలో పెద్దగా డబ్బు లేని విద్యార్థి అతను. పక్కన జర్మనీలో 2022 వేసవిలో మూడు నెలలపాటు నెలకు 9 యూరోల టికెట్ పెట్టారు. జనం ఎగబడి కొన్న కోట్ల టికెట్లను చూశాక, 2023 మే నుంచి నెలకు 49 యూరోలతో శాశ్వతంగా ఒక టికెట్ తెచ్చారు. తర్వాత ధర పెరిగినా దాన్ని తీసేయలేదు. ఆ దేశాల ఆదాయాలు వేరే, నిజమే. కానీ సీటు ఖాళీగా వెళ్తే వచ్చేది సున్నా అన్న లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

మన దగ్గర చూడటానికేముందని కొందరంటారు. వారికి ఒక్క దారి చూపిస్తాను. భద్రాద్రి గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, పుట్టింది ఖమ్మం దగ్గరి నేలకొండపల్లిలో. తహసీల్దారుగా పనిచేసింది మా పాల్వంచ పరగణాకు. ఆయన పుట్టిన ఊరు, కొలువు చేసిన చోటు, కట్టించిన గుడి, మూడూ ఒకే బస్సు దారి మీద ఉన్నాయి. నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం, ఖమ్మంలో ఖిల్లా, కొత్తగూడెంలో సింగరేణి కేంద్ర కార్యాలయం, పాల్వంచ దాటితే కిన్నెరసాని జలాశయం, అక్కడి జింకల పార్కు. ఏటా శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో కల్యాణం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్లలో నేలకొండపల్లి చూసి వెళ్లేవాళ్లు ఎంతమంది? ఆ మాటకొస్తే దుమ్ముగూడెం, చర్ల మండలాల ఆశ్రమ పాఠశాలల పిల్లల్లో రామదాసు పుట్టిన ఊరు చూసినవాళ్లు ఎంతమంది? విద్యార్థి పాస్ ఇంటి నుంచి బడికే చెల్లుతుంది. సెలవు రోజున పిల్లలను తీసుకెళ్లాలంటే ఉపాధ్యాయుడు వ్యాన్ మాట్లాడాలి, దానికి చందాలు వేయాలి. చాలా బడుల్లో అది జరగని పని. ముప్పై మంది పిల్లలకు, ఇద్దరు ఉపాధ్యాయులకు కలిపి ఒక పాస్ ఇస్తే ఆ బడి కదులుతుంది. నా లేఖలో అధికారులు ఒక్క మాటే పట్టించుకుంటారంటే, ఈ మాట పట్టించుకోమంటాను.

ఇక సరిహద్దు సంగతి. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. జటాయువు కథ చెప్పుకునే ఎటపాక, వేడినీటి గుండం ఉన్న గుండాల, దేవస్థానం భూములున్న పురుషోత్తపట్నం పక్క రాష్ట్రంలో ఉన్నాయి. పర్ణశాల తెలంగాణలోనే ఉన్నా, అక్కడికి వెళ్లే బస్సు మధ్యలో ఆంధ్రప్రదేశ్ గ్రామాల మీదుగా పోయి తిరిగి తెలంగాణలోకి రావాలి. శబరి గోదావరిలో కలిసే కూనవరం, శ్రీరామగిరి, పాపికొండల పడవలు బయలుదేరే పోచవరం అన్నీ అటువైపే. మా జీరో టికెట్ రాష్ట్ర సరిహద్దు వరకే. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ తెచ్చిన స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం ఆ రాష్ట్రపు ఆడవాళ్లకే. శబరి సంగమంలో స్నానం చేయాలనుకునే పాల్వంచ ఇల్లాలికి, రాముణ్ని చూడటానికి వచ్చే కూనవరం కోయ ఆడపడుచుకు ఏ పథకమూ పూర్తిగా అక్కరకు రాదు. రాముడి క్షేత్రం ఒక్కటే, దాన్ని చుట్టి రావడానికి మాత్రం రెండు ప్రభుత్వాల టికెట్లు కావాలి.

రెండు ఆర్టీసీల మధ్య డబ్బు పంచుకోవడం కష్టమంటారేమో. 2020 నవంబరు 2న ఈ రెండు సంస్థలూ అంతర్రాష్ట్ర బస్సుల ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి రాష్ట్రంలో మరొకరు ఎన్ని కిలోమీటర్లు తిప్పాలో, చెరి 1.61 లక్షల కిలోమీటర్ల దగ్గర దాదాపు సమానంగా తేల్చుకున్నాయి. కిలోమీటర్లను అంత నిక్కచ్చిగా పంచుకోగలిగినవాళ్లకు ఒక పాస్ డబ్బు పంచుకోవడం ఏపాటి? ప్రతి కండక్టరు చేతిలో టిమ్ మెషిన్ ఉంది. పాస్ చూపించిన ప్రతిసారీ ఒక సున్నా టికెట్ కొడితే, ఎవరి బస్సులో ఎంతమంది ఎంత దూరం ఎక్కారో నెలాఖరుకు తేలిపోతుంది. మహాలక్ష్మిలో రోజూ జరుగుతున్నది ఇదే.

బస్సుల్లో ఇప్పటికే నిలబడటానికి చోటు లేదనే అభ్యంతరం న్యాయమైనదే, నేనూ నిలబడి వెళ్లేదాన్నే. అందుకే శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి ఈ పాస్ ఇవ్వకూడదు. మిగతా రోజుల్లో 9 గంటల తర్వాతే చెల్లనివ్వాలి. ధర ఎంతన్నది డిపోల లెక్కలు తెలిసినవాళ్లే తేల్చాలి. నాకు తోచిన హద్దులు రెండు. భద్రాచలం–కొత్తగూడెం రానూపోనూ ఎక్స్‌ప్రెస్ చార్జీ కంటే కొంత ఎక్కువ ఉండాలి, ఆటో రోజు కిరాయి కంటే బాగా తక్కువ ఉండాలి. ఖమ్మం, నేలకొండపల్లి దాకా వెళ్లేవాళ్లకు ఇంకో ధర పెట్టవచ్చు.

రైలు గురించి క్లుప్తంగా చెబుతాను. భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, రాముడి గుడి అక్కడి నుంచి నలభై కిలోమీటర్లు. రైలు దిగినవాడు బస్సెక్కి ఇంకో టికెట్ తీసుకోవాల్సిందే. రైల్వేలో 150 కిలోమీటర్ల వరకు నెలవారీ సీజన్ టికెట్ ఉంది, ముంబై లోకల్ రైళ్లలో పర్యాటకులకు ఒక రోజు టికెట్ కూడా ఉంది. డోర్నకల్ నుంచి మణుగూరు వరకు అలాంటి ఒక రోజు టికెట్ ఎందుకు ఉండకూడదు? భద్రాచలం మీదుగా మల్కన్‌గిరి–పాండురంగాపురం కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ రైలు వచ్చేలోగా బస్సు, రైలు కలిసిన టికెట్ ఒకటి అలవాటు చేయాలి. లైను పడ్డాక మొదలుపెడితే మళ్లీ ఏళ్లు పడుతుంది.

పాస్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే చాలదు. పాపికొండల నుంచి వచ్చినవాళ్లకు చివరి బస్సు ఎన్నింటికో తెలియకపోతే వాళ్లు ఆటోకే పోతారు. పాస్ వెనకవైపు పర్ణశాల, కూనవరం, కిన్నెరసాని, మణుగూరు నుంచి చివరి బస్సుల వేళలు అచ్చువేయాలి. రాబోయే కార్తీక మాసంలో, వనభోజనాలకు కుటుంబాలు కిన్నెరసానికి కదిలే రోజుల్లో, భద్రాచలం, కొత్తగూడెం, మణుగూరు డిపోల్లో నెల రోజులు దీన్ని అమ్మి చూడాలని, ఆ నెలలో ఎన్ని అమ్ముడయ్యాయో, ఏ దారుల్లో ఎక్కువ తిరిగారో ఈ పత్రికలో ప్రకటించాలని ఆర్టీసీ ఖమ్మం రీజియన్ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాల్వంచ, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా