పాత కారు – బోల్టుల తంటా

కోల్‌కతాలో 1968లో స్టేట్స్‌మన్ పత్రిక ప్రారంభించిన పాత కార్ల ర్యాలీ పాఠకులకు విదితమే. అందు ముచ్చటగొలుపు స్పోర్ట్స్ కార్ల కోవకు చెందినదే మా ఎం.జి. టి.డి. కూడ.

దాని 1250 సి.సి. ఇంజను బోల్టులకు తల బ్రిటిష్ విట్‌వర్త్ కొలత. థ్రెడ్డు మాత్రము మెట్రిక్! ఏలయన, 1923లో మోరిస్ కొనిన ఆ ఇంజను కర్మాగారము పూర్వము ఫ్రెంచివారగు హాచ్‌కిస్‌లది. యంత్రములు మెట్రిక్ థ్రెడ్లనే కోసెడివి.

స్పానరు సరిపోయినదిగదాయని 8 మి.మీ. రంధ్రమున 5/16 అంగుళపు బ్రిటిష్ బోల్టును మేమే బిగించితిమి. రెండు చుట్లు సుఖముగా తిరిగెను. పిమ్మట బ్లాకులోని థ్రెడ్డు తెగెను. మా డిగ్రీ అక్కరకు రాలేదు! రంధ్రము పెంచి, ఉక్కు బుష్ వేయించి బ్లాకును దక్కించుకొంటిమి.

బ్యాటరీ ధనధ్రువమునే ఛాసిస్‌కు కలుపవలెనన్న సంగతిని మాత్రము మా అబ్బాయి ముందే బానెట్ లోపల ఎర్ర పెయింటుతో వ్రాసియుంచినాడు.