గోపురం కట్టే ముందు లెక్క

అమెరికాలో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. నిబంధనలు మాత్రం ఒక్కోచోట ఒక్కో తీరు. టెక్సస్‌లో చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం నిజాయితీగా నేర్పితే చాలు. పెన్సిల్వేనియాలోనైతే తల్లిదండ్రులు ఏటా ప్రమాణపత్రం ఇవ్వాలి, బిడ్డ ప్రగతిని అర్హులతో పరీక్ష చేయించాలి.

ఇప్పుడు ప్రభుత్వాలు డబ్బు కూడా ఇస్తున్నాయి. అరిజోనా 2022లో అన్ని కుటుంబాలకూ విద్యాఖాతాలు తెరిచింది. కానీ ఆ డబ్బు తీసుకున్నవారు చట్టం దృష్టిలో హోమ్‌స్కూలు కుటుంబం కారు. ఒప్పందంపై సంతకం చేసి, అనుమతించిన ఖర్చులకే వాడాలి. టెక్సస్ 2025 చట్టం ప్రకారం ఇంట్లో చదివే బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 2,000 డాలర్లు. ఉద్యోగం మానుకునే తల్లి జీతానికి అది ఏ మూలకు?

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని యేసుప్రభువు బోధించాడు. అక్కడి మన తెలుగు విశ్వాసులు కూడా బిడ్డను బడి మాన్పించే ముందు తమ రాష్ట్ర చట్టం చదవాలి, తమ ఓపికనూ తూచుకోవాలి. పిల్లలకు దైవభయం నేర్పే బాధ్యత ద్వితీయోపదేశకాండం తల్లిదండ్రులకే అప్పగించింది. బడికి పంపినంత మాత్రాన అది తీరిపోదు; బడి మాన్పించినంత మాత్రాన నెరవేరిపోదు.