కువి రాని పంతులు స్థానికుడేనా?

జి.మాడుగుల సంతలో ఒక్క భాషతో బేరం తెగదు. పసుపు, రాజ్‌మా, పిప్పళ్లు, కొండచీపుర్లు దించుకునేవాళ్లలో భగతలు తెలుగు మాట్లాడతారు. వాల్మీకులు, కొటియాల ఇళ్లలో ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. లోపలి గూడేల నుంచి దిగివచ్చే కోందులది కువి. మైదానం నుంచి వచ్చే షావుకారు కూడా నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు, లేకపోతే సరుకు పక్కవాడి తక్కెట్లోకి పోతుంది. మాట దొరకనిచోట వేళ్లతో, చూపుతో పని జరుగుతుంది. చదువు రానివాళ్లని మనం చిన్నచూపు చూసే ఈ మనుషులు మూడేసి భాషల మధ్య తడబడకుండా బతుకుతున్నారు.

అదే మండల కేంద్రంలో సర్కారు ఆఫీసు గడప తొక్కగానే లెక్క తిరగబడుతుంది. పట్టా కాగితమైనా, రేషన్ కార్డయినా, ఆస్పత్రి చీటీ అయినా తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. అర్థం చేసుకోవాల్సిన బాధ్యతంతా ఆదివాసీదే. ఐఏఎస్ అధికారి తనకు కేటాయించిన రాష్ట్ర భాష నేర్చుకోవాలని నిబంధన ఉంది. పాడేరు వచ్చిన అధికారికి కువి రావాలన్న నిబంధన ఎక్కడుంది? ఈ మధ్య కొండల మీద సెల్‌టవర్లు లేస్తున్నాయి. టవర్ ఏ భాషనైనా మోస్తుంది, ఆఫీసే మోయదు.

మాట వెక్కిరింపుకు గురైతే ఎట్లా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. సినిమాలో విలన్‌కు తెలంగాణ యాస పెట్టారు, నౌకరుకు శ్రీకాకుళం యాస పెట్టారు. పుస్తకంలో రెండు జిల్లాల భాషను పెట్టి ఇదే తెలుగన్నారు. దాని మీద మనం కొట్లాడాం, కొట్లాడాల్సిందే. అయితే మనది కనీసం తెలుగేనని ఒప్పుకున్నారు. కోందు పిల్ల మాట్లాడేది అసలు భాషే కాదన్నట్టు చూస్తున్నారు. ఆ చూసేవాళ్లలో మనమూ ఉన్నాం. 'కొండోళ్ల భాష' అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్లు మన ఉద్యోగ సంఘాల్లో లేరా?

నిజానికి కువి మనకు పరాయిది కాదు. ద్రావిడ భాషల చుట్టరికం తేల్చిన పండితుల్లో పెద్దవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన లెక్కలో తెలుగు, గోండి, కొండ, కుయి, కువి ఒకే కొమ్మకు చెందినవి. అంటే తమిళం, కన్నడం కంటే కువి మనకు దగ్గరి చుట్టం. కొండదొరల భాష మీద ఆయన రాసిన పుస్తకం 1969లోనే వచ్చింది. అంతకు చాలా ముందు గిడుగు రామమూర్తి పర్లాకిమిడి దగ్గర సవర నేర్చుకున్నాడు, సవర పిల్లలకు బడులు పెట్టాడు, వాచకాలు రాశాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. దండలు వేసే చేతులకు ఆయన చేసిన సవర పని మాత్రం గుర్తుకు రాదు.

భాష పేరుతో గీసిన గీతలు ఈ కొండలను ఏం చేశాయో చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైంది. విశాఖ ఏజెన్సీలో పెద్ద భాగం కోరాపుట్ పేరుతో అటు పోయింది. కువి మాట్లాడేవాళ్లు గీతకు రెండు పక్కలా మిగిలారు. అటు పిల్లకు ఒడియా బడి, ఇటు పిల్లకు తెలుగు బడి. వాళ్ల భాష లెక్కలోకి వచ్చిందెప్పుడు? 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. దానికి దారి వేసిన ఏడో రాజ్యాంగ సవరణే 350-ఎ అధికరణాన్ని కూడా తెచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని అందులో రాసి ఉంది. ఒకే సవరణ, రెండు మాటలు. రాష్ట్రం మాట వెంటనే నెరవేరింది. 2014 జూన్ 2న ఆ రాష్ట్రం రెండుగా విడిపోవడం కూడా అయిపోయింది. పిల్లల మాట ఇంకా వాయిదాలోనే ఉంది.

ప్రయత్నమే జరగలేదని అనలేం. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య కింద ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తెచ్చారు. అందులో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర ఉన్నాయి. మంచి పని. అది నాలుగు బడుల ముచ్చటగా కాక విధానంగా నిలవాల్సింది. తర్వాత వచ్చిన పాలకులకు ఆ వేడి లేదు. 2019లో సర్కారు బడులన్నీ ఇంగ్లిష్ మీడియం అన్నారు. తెలుగే రాని ఆరేళ్ల పిల్ల నెత్తిన ఇంగ్లిష్ పెట్టే ముందు ఆమె ఏ భాషలో ఆలోచిస్తుందని ఎవరు అడిగారు?

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. ఏజెన్సీ బడుల్లో పంతులు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. అప్పటి నుంచి మన్యం రగులుతూనే ఉంది. ఆ ఆందోళనకు ఈ పత్రిక మద్దతు ఉంది. మైదానం నుంచి వచ్చి, బదిలీ ఎప్పుడా అని రోజులు లెక్కబెట్టుకునే మాస్టారి చేతిలో గూడెం బడి బాగుపడదు.

కానీ ఉద్యమ మిత్రులకు ఒక మాట చెప్పక తప్పదు. జీవో 3 పుట్టుక అడిగింది, భాష అడగలేదు. జి.మాడుగులలో పుట్టిన భగత యువకుడు స్థానిక గిరిజనుడే. కువి తప్ప మరోటి రాని గూడెంలో నల్లబల్ల ముందు నిలబడితే మాత్రం ఆయన పరిస్థితి అనకాపల్లి మాస్టారి పరిస్థితికి ఎంత దూరం? కడుపునొప్పి అని పిల్ల తన భాషలో చెబితే ఆయనకూ అర్థం కాదు. ఈ మాట కొందరికి రుచించదని తెలుసు. ఆదివాసుల మధ్య చిచ్చు పెడుతున్నారనే అంటారు. సంతలో మూడు భాషలు పక్కపక్కనే బతుకుతుంటే రాని చిచ్చు, బడిలో రెండో భాష పెడితే వస్తుందా?

తెలుగు, ఇంగ్లిష్ వద్దని ఎవరూ అనడం లేదు. కోందు తల్లిదండ్రులకూ పిల్ల ఉద్యోగం చేయాలనే ఉంది. మొదటి రెండు మూడేళ్లు ఇంటి భాషలో అక్షరం పట్టుకున్న పిల్ల పక్క భాషకు తేలిగ్గా దాటుతుంది. అడుగే పడని పిల్ల మూడో తరగతికల్లా మేకల వెంట పోతుంది. పంతులేమో మొద్దు అని రాసుకుంటాడు.

కాబట్టి కోర్టు తీర్పుకు నిలబడే కొత్త చట్టం అడిగేటప్పుడు ఒక షరతు కలిపి అడగండి. ఏజెన్సీ ప్రాథమిక బడికి వచ్చే టీచరు ఏ కులమైనా, ఏ ఊరైనా, ఆ గూడెం భాషలో పరీక్ష పాసవ్వాలి. పరీక్ష పెట్టేవాళ్లలో ఆ గూడెం పెద్దలు ఉండాలి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరుతో జిల్లా పెట్టారు. వచ్చే డీఎస్సీలో ఈ జిల్లా పోస్టులు భాషలవారీగా చూపిస్తారా, చూపించరా? విద్యాశాఖ సమాధానం చెప్పాలి.