చార్జి అప్పగింత

మేము గుమాస్తాలము. ఒక అధికారి బదిలీ అయి మరొకరు వచ్చినప్పుడల్లా, బీరువా తాళాలు మొదలుకొని విరిగిన కుర్చీ వరకు పట్టీ వ్రాసి చార్జి అప్పగించటం ఇరవై యేళ్లుగా మా పని. అటువంటి మేము, మా సొంత ఇంట్లో జరిగిన ఒక చిన్న బదిలీలో పట్టీ వ్రాయటం మరచాము. దాని ఫలితం పాఠకులతో చెప్పుకుందామని ఈ మాసం కలం పట్టాము.

మన సంఘంలో పెండ్లి పాటలు, మంగళహారతులు రికార్డు చేయటం మీకు తెలిసిన సంగతే. ఆ పనికి మొదట మా ఇంటి కంప్యూటరులో ‘ఆడాసిటీ’ అనే ప్రోగ్రామును వాడేవారము. 2000లో వెలువడిన ఆ ప్రోగ్రాముకు డబ్బు కట్టనక్కరలేదు. గుమాస్తా ఇంటికి అంతకంటె యోగ్యత మరేమి కావాలి? 2016లో మా పెద్దమ్మ చేత అయిదు పాటలు పాడించి అందులోనే దాచాము. అప్పగింతల పాట మధ్యలో ఆమె ఆగి, “ఏమ్మే, పాలు పొంగుతాండాయి చూడు!” అని కోడలిని కేక వేయటం కూడా అందులో పడింది. సభలో వినిపించేటప్పుడు బాగుండదని ఆ కేకను కోయించి, కాపీలు పంచాము.

2020లో కొత్త కంప్యూటరు వచ్చింది. మా మేనల్లుడు, “మామా, పాత ప్రోగ్రాములో ప్రతిధ్వని కలిపి మూసేస్తే మజ్జిగలో ఉప్పు కలిపినట్టే, మళ్లీ తీయలేము. ‘రీపర్’ అయితే అసలు శబ్దం జోలికి పోదు. మార్పులన్నీ వేరుగా గుర్తు పెట్టుకొని, వినిపించేటప్పుడు కలుపుతుంది” అన్నాడు. ఆడాసిటీలో అటువంటి సౌకర్యం 2022లో గాని రాలేదు. రీపర్‌ను అరవై రోజులు ఊరికే వాడి చూడవచ్చు. ఆపైన సొంత వాడకానికి 60 డాలర్లు. అవి ఎన్ని బియ్యం మూటలో మా ఆవిడ లెక్క వేసింది. అయినా కొన్నాము. నెల రోజులు చేతులు పాత మీటల మీదికే పోయేవి. తబలా ఒకచోట, గొంతు ఒకచోట పడేవి. తరువాత అలవాటైంది. పాత కంప్యూటరును మారుబేరంలో ఇచ్చివేశాము.

2021లో పెద్దమ్మ కాలం చేసింది. మరుసటి యేడు సంవత్సరీకం నాడు ఆమె పాట వినిపిద్దామని ఫైలు తెరిచాము. పాటల పేర్లున్నాయి, శబ్దం లేదు.

తప్పు ప్రోగ్రాములది కాదు, మాదే. ఆ రోజుల ఆడాసిటీలో ఒక్కొక్క రికార్డుకు ఒక చిన్న ఫైలు, దాని పక్కనే ‘డేటా’ అనే మాట చివర తగిలించిన ఒక ఫోల్డరు ఉండేవి. శబ్దమంతా ఫోల్డరులోనే. చిన్న ఫైలు ఏ ముక్క ఎక్కడ ఉన్నదో చెప్పే ఇండెక్సు మాత్రమే. మేము ఇండెక్సును భద్రంగా తెచ్చుకొని, దస్తరాలను అమ్ముకున్నాము! 2021లో వచ్చిన 3.0 నుంచి రెండూ ఒకే ఫైలులో ఉంటున్నాయి గాని, అది మాకు అక్కరకు రాలేదు.

చివరకు రాయదుర్గంలో ఉన్న అక్కయ్య, అనగా పెద్దమ్మ కూతురు, తన ఫోనులో మూడు పాటలున్నాయని పంపింది. 1953 అక్టోబరు 1న రాయదుర్గం, ఆదవాని, ఆలూరు తాలూకాలు ఆంధ్రకు పోయి, తక్కిన బళ్లారి మైసూరులో చేరినా, మన పెండ్లి సంబంధాలు ఆ గీతను లెక్కపెట్టలేదు. అందువల్లనే మూడు పాటలు దక్కాయి. తక్కిన రెండూ పోయినట్టే. దక్కినవాటిలో అప్పగింతల పాట ఉంది. కాని అది మేము పంచిన కాపీయే. పాల కేక అందులో లేదు. సంవత్సరీకానికి వచ్చినవారంతా పాట విని బాగున్నదన్నారు. పెద్దమ్మ కోడలు మాత్రం, “అత్త నన్ను పిలిచింది ఏదీ?” అని అడిగింది. మేము తల వంచుకున్నాము.

బళ్లారి రాఘవగారు 1946లో గతించినా, ఆయన నటించిన ‘రైతుబిడ్డ’ వంటి చలనచిత్రాల పేర్లు లోకానికి తెలుసు. మన పెద్దమ్మలకు ఏమున్నాయి? మన ఇండ్లలోని ఈ రికార్డులే గదా!

ప్రోగ్రాము మార్చవద్దని మేము అనము. మార్చక తప్పని రోజు మనం అడగకుండానే వస్తుంది. 1987 నుంచి పేరు మోసిన ‘కేక్‌వాక్’ ప్రోగ్రాముల తయారీని 2017 నవంబరులో దాని యజమానులైన గిబ్సన్ వారు నిలిపివేశారు. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ వారు దానిని చేపట్టారు గనుక సరిపోయింది. ప్రతిదానికీ అటువంటి అదృష్టం పట్టదు.

కనుక పాతదాన్ని వదిలే ముందు, గొంతు, హార్మోనియం, తబలా దేనికది ‘వేవ్’ ఫైలుగా తీసి పెట్టండి. 1991లో వచ్చిన ఈ పద్ధతిని శబ్దానికి సంబంధించిన ప్రోగ్రాములన్నీ దాదాపుగా చదువుతాయి. అన్నిటినీ పాట మొదటి క్షణం నుంచే తీస్తే, కొత్తదాంట్లో ఒకదానికొకటి సరిగా కూర్చుంటాయి. సీడీ స్థాయిలో గంట స్టీరియో శబ్దానికి సుమారు 635 మెగాబైట్లు పడుతుంది. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో దగ్గర దగ్గర నూరు గంటలు ఇముడుతాయి. ఎంపీ 3 చిన్నదే గాని, అది శబ్దంలో కొంత పారవేసి చిన్నదవుతుంది. పంచటానికి మంచిది, దాచటానికి కాదు. కోయని అసలును అలాగే ఉంచండి. ఎవరు పాడారు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నది నోటుబుక్కులో వ్రాయండి. ఒక నకలు మరొక ఇంట్లో ఉంచండి. కొత్తదాంట్లో తెరిచి, చివరివరకూ విన్న తరువాతనే పాతదాన్ని సాగనంపండి.

ఇంట్లో పెద్దల గొంతులు దాచుకొన్నవారు పాత కంప్యూటరు అమ్మేముందు ఒక ఆదివారం మా ఇంటికి తీసుకొని రండి. పట్టీ మేము వ్రాసి పెడతాము.